నట్టు బోల్టుల జోడు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో మాట్లాడవలసినదిగా మమ్ము పిలిచినప్పుడు, ఏ విషయమును గూర్చి చెప్పెదరని నిర్వాహకులు అడిగిరి. నట్లను, బోల్టులను గూర్చి చెప్పెదమంటిమి. అడిగినవారు కొంచెము నవ్విరి. మంచినీరు, రోడ్లు, పన్నుల వసూలు, వీధిదీపములు ఇన్ని యుండగా నట్లు బోల్టులపై ఉపన్యాసమేమని వారి భావము. ఆ నవ్వునకు మేము నొచ్చుకొనలేదు. అయినను ఆ మంచినీరు మోసికొనివచ్చు ట్యాంకరును ట్రాక్టరు వెంట నడిపించునవి నాలుగు బోల్టులు. చేతిపంపు పిడికిని గొలుసునకును గల సంబంధమంతయు ఒకే ఒక బోల్టు మీద నున్నది. ఇవి విరిగిననాడు, ఊడిననాడు గ్రామస్థులు వచ్చి నిలదీయునది మెకానిక్కును గాదు, మిమ్మే.

పూర్వము పంచాయతీకి యంత్రములతో ఇంత పని లేదు. నేడు అట్లు గాదు. తెలంగాణములో 2019వ సంవత్సరమున ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూడినవి. ఆంధ్రప్రదేశములోను, తెలంగాణములోను చేతిపంపులు లేని గ్రామము అరుదు. కొన్న నాడు ఈ యంత్రములు బాగుగనే యుండును. యంత్రమును తయారుచేసినవారు ప్రతి బోల్టును లెక్కించియే పెట్టియుందురు. చిక్కంతయు మొదటి మరమ్మతుతో ప్రారంభమగును. పాత బోల్టు పారవేసి, అంగడిలో దొరికిన బోల్టు వేయుదుము. నట్టు ఒకచోట, బోల్టు ఒకచోట కొనుటయు కలదు. మర సరిపోయినది, బిగిసినది, పని జరిగినది అనుకొందుము.

మేము చూచిన సంగతి యొకటి చెప్పెదము. కొన్ని ఏండ్ల క్రిందట ఒక వేసవిలో, ఒక గ్రామమున పంచాయతీ ట్యాంకరు చెరువు కట్ట ఎక్కుచున్నది. 5,000 లీటర్ల ట్యాంకరు, నిండుగా నున్నది. నీరే 5 టన్నుల బరువు. కట్ట సగము ఎక్కునప్పటికి ట్రాక్టరు ఒక్కసారిగా ముందునకు ఉరికినది. ట్యాంకరు వెనుకకు దొర్లినది. ట్యాంకరు ముందు కొసను గల కొక్కెపు పలక ఊడి ట్రాక్టరు వెంట పోయినది. దొర్లిన ట్యాంకరు కట్ట క్రింది చింతచెట్టునకు తగిలి నిలిచినది. ప్రతి దినము ఆ వేళకు పిల్లలు బిందెలతో ట్యాంకరు వెనుక పరుగెత్తుట ఆ ఊరిలో వాడుక. ఆ దినమున ఏదో పెండ్లి యుండి పిల్లలందరు ఆ పందిటిలో నుండిరి. అంతకు మించి మరి ఏ కారణమును లేదు, ప్రాణము పోకుండుటకు.

మేము మరునాడు వెళ్లి చూచితిమి. పలకను పట్టిన నాలుగు బోల్టులును విరుగలేదు. రంధ్రములలో నున్నవి ఉన్నట్లే యున్నవి. నట్లు మాత్రము లేవు. వెదకగా రెండు నట్లు దుమ్ములో దొరికినవి. వాని లోపల మర లేదు. నున్నగా, ఉంగరము వలె నున్నవి. బోల్టు మరలలో సన్నని ఇనుప తీగ చుట్టలు చిక్కుకొనియున్నవి. అవి నట్టు మరల అవశేషములు. విచారింపగా తేలినదేమన, మూడు నెలల క్రిందట బోల్టులు మార్చిరి. బోల్టులు మంచివే తెచ్చిరి, తలపై 8.8 అను అంకె యున్నది. నట్లు మాత్రము వేరొక అంగడిలో కిలో లెక్కన కొన్న గుర్తు లేని నట్లు. పంచాయతీ రిజిస్టరులో "బోల్టులు మార్చబడినవి" అని మాత్రమే వ్రాసియున్నది. ఎవరి తప్పని అడిగిరి. అందరును మంచి బోల్టే వేసితిమనిరి, అదియు నిజమే.

ఒంగోలు గిత్త ప్రక్కన ఈడురాని దూడను కాడికి కట్టి దుక్కికి తోలువారు మీలో ఎవరైనను కలరా? గిత్త బలము దూడ మెడ విరుచుటకే పనికివచ్చును. నట్టు బోల్టుల సంగతియు అంతే. కావున ఆ 8.8 అను అంకె యేమో ముందుగా చూతము.

మిల్లీమీటరు లెక్క బోల్టు తలపై సాధారణముగా రెండంకెలు, నడుమ చుక్క యుండును. 4.6, 5.8, 8.8, 10.9, 12.9 ఇట్లు. మొదటి అంకెను 100తో హెచ్చించిన ఎంత వచ్చునో, చదరపు మిల్లీమీటరునకు అన్ని న్యూటన్ల లాగుడు వరకు ఆ ఉక్కు తెగదు. న్యూటన్ల మాట మనకేల, కిలోలలో చెప్పుకొందము. 8.8 అనగా చదరపు మిల్లీమీటరునకు, అనగా ఆవగింజ ముఖమునకంటె చిన్న చోటునకు, రమారమి 80 కిలోలు. 4.6 అనగా 40 కిలోలు. చుక్క తరువాతి అంకె మరియొక సంగతి చెప్పును. తెగుటకు ముందు ఉక్కు సాగును. సాగి, వదలినను మరల మునుపటి పొడవునకు రాని స్థితి యొకటి కలదు. 8.8లో రెండవ 8, తెగు బలములో పదింట ఎనిమిది వంతుల వద్ద ఆ స్థితి వచ్చునని తెలుపును. అనగా 64 కిలోల వద్ద. 4.6లో పదింట ఆరు వంతులు, అనగా 24 కిలోలు. చూడుడు, పైకి చూచిన రెండును ఒకే లావు, ఒకే పొడవు, ఒకే మెరుపు. అంగడిలో ఒకదానిని యం.యస్. బోల్టు అందురు, మరియొకదానిని హైటెన్సైల్ బోల్టు అందురు. మన మెకానిక్కులు కొందరు హైటెన్షన్ బోల్టు అనియు అందురు. మాట ఏదైనను తలపై అంకెయే సాక్ష్యము. అంకె లేని బోల్టును మెత్తని దానిగనే ఎంచవలెను.

నట్టుపై ఒకే అంకె యుండును: 5, 6, 8, 10, 12. ఇది నట్టు ముఖముపై గాని, ప్రక్క పలకపై గాని ముద్రింపబడును. కొన్నిటిపై అంకెకు బదులు గడియారపు గుర్తు కలదు. చుక్క యున్నచోటు 12 గంటలని యెంచి, గీత ఏ గంట వద్ద నున్నదో చూడవలెను. 8 గంటల వద్ద నున్న అది 8వ తరగతి నట్టు. ఇక జోడు కుదుర్చుట సులభము. నట్టు అంకె బోల్టు మొదటి అంకెకు సమానముగా నుండవలెను. 8.8 బోల్టునకు 8 నట్టు, 10.9 బోల్టునకు 10 నట్టు. నట్టు పై తరగతిదైన నష్టము లేదు. తక్కువదైన మాత్రము పనికిరాదు.

నట్టే ఏల బలముగా నుండవలెనని మీరడుగవచ్చును. 12 మిల్లీమీటర్ల బోల్టును తీసికొందము. దీనిని యం 12 అందురు. 8.8 తరగతిదైన కనీసము 67 వేల 4 వందల న్యూటన్లకు, అనగా రమారమి 6,870 కిలోల లాగుడునకు గాని తెగరాదు. 8వ తరగతి నట్టును 74 వేల 2 వందల న్యూటన్లతో, సుమారు 7,570 కిలోలతో, లాగి పరీక్షింతురు. దాని మర చెడరాదు. అనగా ఎంత లాగినను ముందు తెగవలసినది బోల్టే. ప్రమాణములు వ్రాసినవారు బుద్ధిపూర్వకముగా ఇట్లు చేసిరి. ఏలన, బోల్టు విరిగినచో బిగించువానికి చేతిలోనే తెలియును. టప్పుమని శబ్దమగును, పానా జారును. వాడు ఆ బోల్టు తీసివేసి మరియొకటి వేయును. నట్టు మర చెడుట అట్లు గాదు. మొదట ఒక చుట్టు వంగును, పిమ్మట రెండవది. బిగించువానికి బాగుగనే బిగిసినట్లుండును. కంటికి నట్టు తన చోటనే యుండును. బండి కుదిపిన ప్రతి కుదుపునకు కొంచెము కొంచెముగా మర కోసుకొనిపోవును. 5వ తరగతి నట్టునకు పరీక్షా బరువు 51 వేల 4 వందల న్యూటన్లే, సుమారు 5,240 కిలోలు. దానిని 8.8 బోల్టునకు ఎక్కించితిమా, విరుగవలసిన బోల్టు విరుగక నట్టు మరయే తెగును. ఇక గుర్తే లేని నట్టు ఎంతకు ఆగునో ఎవరు చెప్పగలరు? చెరువు కట్ట మీద జరిగినది ఇదియే.

పలుచని నట్లు కూడ కలవు. సాధారణ నట్టు ఎత్తు బోల్టు లావుకంటె కొంచెమే తక్కువగా నుండును. దానిలో సగము మాత్రమే యున్న నట్టు, అసలు నట్టుకు తోడుగా వేయు తాళపు నట్టు. దానిని ఒంటిగా వేసి బరువు మోయుమనుట తగదు. అట్లే, బిగించిన పిమ్మట బోల్టు కొస నట్టు దాటి ఒకటి రెండు మరచుట్లు బయటికి కనబడవలెను. లోపలనే ఆగిపోయిన, పొట్టి బోల్టు వేసినారని అర్థము.

ఇక మర మాట. మన దేశమున మెట్రిక్ తూనికలు, కొలతలు 1956వ సంవత్సరపు చట్టముతో వచ్చినవి గాని, పాత యంత్రములలో అంగుళపు బోల్టులు నేటికిని కనబడుచున్నవి. పాత ట్రాక్టర్లలో మరియు నాటువి. అరంగుళపు బోల్టు 12.7 మిల్లీమీటర్లు, యం 12 బోల్టు 12 మిల్లీమీటర్లు. అరంగుళపు బోల్టు యం 12 నట్టులో దూరదు గనుక ఆ తప్పు జరుగదు. యం 12 బోల్టు మాత్రము అరంగుళపు నట్టులో వదులుగా నాలుగు చుట్లు ఎక్కును. మరల దూరములు వేరగుటచే పిమ్మట పట్టును. కొత్త కుర్రవాడు ఇది బిగిసినదని సంతోషించును. ఒకటి రెండు చుట్ల అంచులే అచ్చట పట్టియున్నవి. అనుమానమున్నచో రెండు బోల్టులను మరకు మర చేర్చి వెలుతురునకు పట్టి చూడుడు. మరలు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుండవలెను. నడుమ వెలుతురు కనబడిన అవి ఒకే జాతివి కావు. అంగుళపు బోల్టులలో అమెరికా పద్ధతివానిపై అంకెలుండవు, గీతలుండును. మూడు గీతలు 5వ గ్రేడు, ఆరు గీతలు 8వ గ్రేడు. గీతలకు రెండు కలిపిన గ్రేడు వచ్చునని గుర్తుంచుకొనుడు. ఇక్కడ నొక హెచ్చరిక: అంగుళపు 8వ గ్రేడును మిల్లీమీటరు 8.8ను ఒకటి గావు. ఆరు గీతల బోల్టు ఇంచుమించు 10.9కు సాటి, మూడు గీతలదే 8.8కు దగ్గర. అంకె ఒకటిగా వినబడుటచే మోసపోయినవారిని చూచితిమి.

చేతిపంపునకు వత్తము. 1970 దశకమున యునిసెఫ్ సహకారముతో మన దేశముననే రూపొందిన ఇండియా మార్క్ 2 పంపు మన గ్రామములలో సర్వసాధారణము. దీని తలను, నీటి తొట్టిని, స్తంభమును కలుపు బోల్టులు యం 12. లోపల పిడికిని గొలుసును కలుపునది యం 10 బోల్టు, పొడవు 40 మిల్లీమీటర్లు. మొత్తము పంపులో దానిని ప్రత్యేకముగా హైటెన్సైల్ బోల్టుగా నిర్ణయించిరి. దానికి నైలాన్ వలయముగల నైలాక్ నట్టు పెట్టిరి. కారణము స్పష్టము. బావిలోని కడ్డీల బరువు, పైకి వచ్చు నీటి బరువు అంతయు ఆ చిన్న బోల్టుపై వ్రేలాడును. పిడి వంచిన ప్రతి సారియు లాగును, వదలును. దినమునకు వేల సారులు. మెత్తని బోల్టు వేసిన కొంతకాలము నడచును, ఒకనాడు పుటుక్కున తెగును. అట్లు తెగినచోట పిడిపై వంగియున్న ఒక గృహిణి ముందునకు పడి పెదవి చీలి, రెండు పండ్లు పోగొట్టుకొనుట మేమెరుగుదుము. ఆ పంపునకు వేసిన బోల్టు గొళ్లెమునకు వేయదగినది. ఆమె భర్త అడిగిన ప్రశ్న నేటికిని మాకు జ్ఞాపకమున్నది: "బోల్టు కొనుటకు డబ్బు లేదా, తెలియదా?" డబ్బు కొరత కాదని మేము చెప్పలేకపోతిమి.

నైలాక్ నట్టును ఒకసారి విప్పిన పిమ్మట మరల వాడక, క్రొత్తది వేయుట మంచిది. నైలాను వలయము ఒకసారి మర పడిన తరువాత మునుపటి పట్టు పట్టదు. ఇక పానా సంగతి. యం 10కు 17, యం 12కు 19 నంబరు పానాలు పంపు పనిముట్లలో నిచ్చుచు వచ్చిరి. ఇటీవలి బోల్టులు కొన్నిటికి 16, 18 పట్టును. తల చిన్నదైనంత మాత్రమున బోల్టు బలహీనమైనదని గాని, పెద్దదైన బలమైనదని గాని అనుకొనవలదు. తల పరిమాణమునకును, గ్రేడునకును సంబంధము లేదు.

పంపు బోల్టులకు జస్తాపు పూత మందముగా నుండును. కరగిన జస్తాలో ముంచిన బోల్టునకు, దానికై మర కొంచెము పెద్దదిగా కోసిన నట్టే సరిపడును. మామూలు నట్టు ఎక్కలేదని బోల్టు మరను ఆకురాయితో గీకుట మన అలవాటు. గీకిన చోట పూత పోయి మొదటి వానకే తుప్పు పట్టును. దానికి విరుద్ధముగా ఆ పెద్ద మర నట్టును పూత లేని బోల్టునకు ఎక్కించిన వదులై బలము తగ్గును. తుప్పు పట్టదు గదా యని స్టెయిన్లెస్ బోల్టు వేయుదమను వారును కలరు. వానిపై ఎ2-70 వంటి గుర్తుండును; 70 అనగా చదరపు మిల్లీమీటరునకు 700 న్యూటన్లు. మెరయుచున్నంత మాత్రమున అది 8.8కు సాటి గాదు.

అన్నిటికిని గట్టి బోల్టే వేసిన సరిపోవునా యని మీరనవచ్చును. సరిపోదు. మొక్కలు నాటుటకు గుంతలు తీయు యంత్రములను చూచియుందురు. అది భూమిలో బండకు తగిలినప్పుడు గేరుపెట్టె పగులకుండుటకై, తిరుగు కడ్డీలో కావలెనని ఒక మెత్తని బోల్టు పెట్టుదురు. బండ తగిలిన అది తెగవలెను; తెగుటయే దాని ఉద్యోగము. ఆ బోల్టు మాటిమాటికి తెగుచున్నదని విసిగి గట్టి బోల్టు వేసిన డ్రైవరు తెలివైనవాడని తొలుత పేరు తెచ్చుకొనును. తరువాత గేరుపెట్టె ఖర్చు పంచాయతీ పద్దులో పడును. ఇటువంటి చోట ఏ గ్రేడు వేయవలెనో యంత్రముతో వచ్చిన పుస్తకమున నుండును. ఆ పుస్తకమును ట్రాక్టరు పెట్టెలో గాక పంచాయతీ ఆఫీసులో నుంచుడు; పెట్టెలో నున్నది నూనె తుడుచుటకు వాడుదురు.

10.9, 12.9 బోల్టులను పట్టణమున మెరుగుపూత వేయించుటయు ప్రమాదమే. అంత గట్టి ఉక్కులోనికి పూత వేయునప్పుడు హైడ్రోజను వాయువు చొచ్చి పెళుసు చేయును. బిగించిననాడు బాగుండి, మరునాడు తనంత తాను విరుగును.

బిగింపునకు కూడ గ్రేడుతో సంబంధము కలదు. పొడి మర యం 12 బోల్టు 8.8దైన, 25 సెంటీమీటర్ల పానా కొసపై సుమారు 35 కిలోల బలము పెట్టవలెను. 4.6దైన 14 కిలోలే చాలును. అలవాటు చొప్పున రెండిటిని ఒకే బలముతో బిగించిన, మెత్తనిది సాగిపోవును, గట్టిది వదులుగా నిలుచును. వదులుగా నున్న గట్టి బోల్టు, కుదుపులకు అలసి తెగును. పానాకు గజమెత్తు గొట్టము తగిలించి ఊగు మల్లయోధులను మాత్రము దయచేసి వారింపుడు. మరకు నూనె రాచినప్పుడు ఇంకను తక్కువ బలము చాలును.

విడదీసిన పాత బోల్టును మరల వాడవలసి వచ్చినచో నట్టును చేతివ్రేళ్లతోనే మర పొడవునా త్రిప్పి చూడుడు. నడుమ ఎక్కడనైన పట్టినచో ఆ బోల్టు సాగినదని అర్థము, పారవేయుడు. రాని నట్టును గ్యాసుతో ఎర్రగా కాల్చి తీయుట వెల్డింగు అంగళ్లలో వాడుక. తీయవచ్చును గాని, ఆ బోల్టు, నట్టు రెండును మరల వాడరాదు. 8.8, దానికి పైబడిన బోల్టులకు ఆ బలము వచ్చినది కాచి, చల్లార్చి, మరల పదును పెట్టుటచేతనే. ఎర్రగా కాల్చితిమా ఆ పదును పోవును. తలపై అంకె మాత్రము అట్లే యుండి అబద్ధమాడును. విరిగిన బోల్టు తలను వెల్డు చేసి వేయుటయు ఇటువంటిదే.

ఇన్నియు మీరు స్వయముగా బిగింపవలెనని కాదు. మీచేతిలో నున్నది కొనుగోలు. కొటేషను పిలుచునప్పుడు "నట్లు, బోల్టులు, 2 కిలోలు" అని వ్రాయకుడు. "యం 12, పొడవు 40 మి.మీ., తరగతి 8.8 బోల్టు, తరగతి 8 నట్టు, వాషరుతో, 20 జతలు" అని వ్రాయుడు. భారత ప్రమాణములలో ఈ తరగతుల వివరము ఐ.ఎస్. 1367లో కలదు, ఆ సంఖ్యయు వేయవచ్చును. సరుకు వచ్చినప్పుడు బిల్లుపై సంతకము చేయుటకు ముందు అంకె చదువుడు. రిజిస్టరులో ఏ యంత్రమున, ఏ చోట, ఏ తరగతి వేసితిరో వ్రాయించుడు. ఒకచోట నాలుగు బోల్టులలో ఒకటి తెగినప్పుడు మిగిలిన మూడిటి తలలు చూచి దానికి జోడు తెప్పింపుడు. అవి కూడ అనుమానముగా నున్న నాలుగును మార్చుడు. సరియైన తరగతి ఆ దినమున దొరకకపోయినచో ట్యాంకరు ఒక పూట ఆగిన ఆగనిండు. నీరు రాలేదని తిట్టినను పడవచ్చును.

మీమీ గ్రామముల నుండి పాత నట్లు, బోల్టులు తీసికొనిరావలసినదిగా ముందే తెలియజేసియుంటిమి. వానిని ఈ బల్లపై పోయుడు. భూతద్దము రెండు, ఇనుప బ్రష్షు ఒకటి ఇచ్చట నున్నవి. ముందుగా తుప్పు తుడిచి, గుర్తు లేని వానిని ఒక ప్రక్కకు వేరుచేయుదము. మిగిలినవానిలో ఎన్ని జతలు కుదురునో చూతము.